రాజు దిగిపోయిన మర్నాడు



కిందటి వార్షికోత్సవంనాడు భోజనాల దగ్గర తొమ్మిదో తరగతి తమ్ముడొకడు నన్నో ప్రశ్న అడిగాడు. వాళ్ళమ్మ కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. మన గోదావరి పల్లెల్లో ఇది కొత్త సంగతేమీ కాదు. కువైట్, మస్కట్, దుబాయ్ అన్న పేర్లు మనకి కాకినాడ, రాజమండ్రి అన్నంత అలవాటు. "అన్నా, అమ్మ పనిచేసే దేశంలో అసెంబ్లీని మూసేశారంట. అసలు అసెంబ్లీని ఎలా మూసేస్తారు? మన దగ్గర కూడా మూసెయ్యొచ్చా?" అన్నాడు.

వాడు విన్నది నిజమే. కువైట్ 1962లో రాజ్యాంగం రాసుకుంది, 1963లో ఎన్నికలు పెట్టుకుంది. 2024 మే 10న అక్కడి అమీరు ఆ సభను రద్దుచేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలను నాలుగేళ్ళ వరకు పక్కనపెడుతున్నట్టు ప్రకటించారు. ఆ రోజు నా చేతిలో కంచం ఉంది, వెనక వరసలో పిల్లలు తొందరపడుతున్నారు. సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఆ బాకీ ఈ వ్యాసంతో తీర్చుకుంటున్నాను.

వాడి ప్రశ్న వెనక ఇంకా పెద్ద ప్రశ్న ఉంది. 2011లో ట్యునీషియా, ఈజిప్టు, లిబియా, యెమెన్ దేశాల జనం లేచారు. దశాబ్దాల తరబడి కుర్చీ వదలని పాలకులు ఏడాది తిరిగేసరికి దిగిపోయారు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. మరి ఆ దేశాల్లో ప్రజాస్వామ్యం ఎందుకు నిలవలేదు? రాజును దించగలిగిన జనం రాజ్యాన్ని ఎందుకు నడుపుకోలేకపోయారు?

జవాబు కోసం సముద్రం దాటే ముందు మన తెలుగు నేల మీద జరిగిన కథ ఒకటి చూద్దాం. అక్కడా రాజు ఉన్నాడు, తుపాకులు ఉన్నాయి, రక్తం పారింది. కానీ నాలుగేళ్ళు తిరక్కుండా జనం వరసల్లో నిలబడి ఓట్లు వేశారు. అది హైదరాబాద్ సంస్థానం కథ.

హైదరాబాద్‌లో జరిగింది

మన ద్రాక్షారామం ప్రాంతం బ్రిటిష్ వాళ్ళ మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో తెలంగాణ నిజాం ఏలుబడిలో ఉండేది. పల్లెల్లో దేశ్‌ముఖ్‌లు, జాగీర్దార్లు చెప్పిందే చట్టం. వెట్టిచాకిరీ చేయాల్సిన కులాలు చేయాల్సిందే. దాని మీద తిరుగుబాటు మొదలైంది. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాక అది సాయుధ పోరాటంగా మారింది. సుమారు 3 వేల గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచామని ఉద్యమ నాయకులు రాసుకున్నారు. మరోపక్క కాశిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు ఊళ్ళమీద పడ్డారు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో అడుగుపెట్టింది. 17న నిజాం లొంగిపోతున్నట్టు ప్రకటించాడు. తర్వాత మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి మిలిటరీ గవర్నరు అయ్యారు. అంటే ఆనాటి హైదరాబాద్ పరిస్థితి ఇది: రాజు ఓడాడు. గద్దె మీద సైన్యం కూర్చుంది. నల్గొండ, వరంగల్ జిల్లాల పల్లెల్లో కమ్యూనిస్టు దళాలు ఇంకా తుపాకులు దించలేదు. మతాల మధ్య పగలు రగులుతున్నాయి. 2011 తర్వాత అరబ్ దేశాలను చూసినవాళ్ళకు ఈ బొమ్మ బాగా తెలిసినట్టే అనిపిస్తుంది. ఇక్కడ కూడా సైన్యాధికారి పాతికేళ్ళు గద్దె మీద ఉండిపోయి ఉండొచ్చు. ఊరికో దళం, దళానికో రాజ్యం అయిపోయి ఉండొచ్చు.

అలా కాలేదు. 1949 చివరికల్లా చౌధురి పదవి దిగారు. 1950 జనవరి 26న సివిల్ అధికారి ఎం.కె.వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యారు. 1951 అక్టోబరులో కమ్యూనిస్టులు సాయుధ పోరాటం విరమించారు. 1952 ఎన్నికల్లో 175 స్థానాలకుగాను కాంగ్రెసు 93 గెలిచింది. నిన్నటిదాకా అడవుల్లో ఉన్న కమ్యూనిస్టులు, పార్టీ మీద నిషేధం ఉండటంతో, పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ పేరుతో పోటీచేసి 42 స్థానాలు గెలిచారు. నల్గొండ లోక్‌సభ స్థానంలో వాళ్ళ నాయకుడు రావి నారాయణరెడ్డికి వచ్చిన ఓట్లు ప్రధాని నెహ్రూకు వచ్చినవాటికంటే ఎక్కువ. 1952 మార్చి 6న బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

తలుపు మూసెయ్యలేదు

ఇది ఎలా సాధ్యమైంది? నాకు కనబడ్డ మొదటి కారణం: ఓడినవాడికి ఇక్కడ బయటికి పోయే దారీ ఉంది, మళ్ళీ లోపలికి వచ్చే దారీ ఉంది.

నిజామును చంపలేదు, దేశం నుంచి తరమలేదు. అధికారం లేకుండా రాజప్రముఖ్ అనే హోదాలో 1956 దాకా ఉంచారు. కొందరికి అది కోపం తెప్పించింది, ఆ కోపంలో న్యాయముంది. కానీ కోటలో ఉన్న ముసలి రాజు కంటే, సరిహద్దు అవతల సైన్యం కూడగట్టే రాజు ప్రమాదం. కాశిం రజ్వీని కోర్టులో విచారించి జైల్లో పెట్టారు. శిక్ష అయ్యాక 1957లో అతను పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. ఇక కమ్యూనిస్టుల మాట. భారత సైన్యంతో మూడేళ్ళు పోరాడినవాళ్ళు వాళ్ళు. ఇరువైపులా చాలామంది చనిపోయారు. అయినా వాళ్ళను "మీరెప్పటికీ ఓటుకు పనికిరారు" అనలేదు. తుపాకీ దించగానే నామినేషను వేసుకోనిచ్చారు. అసెంబ్లీలో ప్రధాన ప్రతిపక్షంగా కూర్చోనిచ్చారు.

దీన్ని లిబియాతో పోల్చండి. 2011 అక్టోబరు 20న గడాఫీ హతమయ్యాడు. 2012 జూలైలో ఎన్నికలు బాగానే జరిగాయి. 2013 మేలో, గడాఫీ కాలంలో పదవుల్లో ఉన్నవాళ్ళెవరూ ప్రభుత్వంలో ఉండకూడదని అక్కడి సభ చట్టం చేసింది. ఆ చట్టానికి ఓటు వేయించడానికి తుపాకీదళాలు ప్రభుత్వ కార్యాలయాలను చుట్టుముట్టాయి. ఏడాది తిరిగేసరికి దేశానికి రెండు సభలు, రెండు ప్రభుత్వాలు.

ఈజిప్టులో ఇంకోరకం. 2012 జూన్‌లో ముహమ్మద్ ముర్సీ 51.7 శాతం ఓట్లతో గెలిచారు. అంటే దాదాపు సగం మంది వద్దన్నారు. ఆయన ఆ సగాన్ని కలుపుకోకపోగా, నవంబరులో తన ఉత్తర్వులను కోర్టులు ప్రశ్నించకూడదని ప్రకటించుకున్నారు. ఓడినవాళ్ళు వచ్చే ఎన్నికల దాకా ఆగకుండా సైన్యం వైపు చూశారు. 2013 జూలై 3న సైన్యం ఆయన్ను దించేసింది. ఆగస్టు 14న కైరోలో ఆయన మద్దతుదారుల శిబిరం మీద జరిపిన కాల్పుల్లో ఎనిమిది వందల మందికి పైగా చనిపోయారని మానవహక్కుల సంఘాలు లెక్కతేల్చాయి. ఇక్కడ ఇద్దరి తప్పూ ఒకటే. గెలిచినవాడు ఓడినవాడికి తలుపు వేశాడు. ఓడినవాడు గోడ కూల్చేవాణ్ణి పిలిచాడు. ఆ గోడ కూలాక ఇద్దరూ బయటే మిగిలారు.

కట్టి ఉన్న ఇల్లు

రెండో కారణం చెప్పకపోతే అరబ్ ప్రజలకు అన్యాయం చేసినవాళ్ళమవుతాం. హైదరాబాద్ ఒంటరిగా నిలబడలేదు. దాని చుట్టూ భారతదేశం ఉంది. 1949 నవంబరు 26న రాజ్యాంగ సభ ఆమోదించిన రాజ్యాంగం సిద్ధంగా ఉంది. సుప్రీంకోర్టు ఉంది, ఎన్నికల సంఘం ఉంది. మిలిటరీ గవర్నరుకు పైన ఢిల్లీలో పౌర ప్రభుత్వం ఉంది. దిగమన్నప్పుడు ఆయన దిగాల్సిందే. అంటే హైదరాబాద్ ప్రజలు కట్టి ఉన్న ఇంట్లోకి కాపురానికి వెళ్ళారు.

ఇందుకు మన పక్కనే ఉన్న యానాం కూడా సాక్ష్యం. 1954 జూన్ 13న దడాల రాఫేల్ రమణయ్య నాయకత్వంలో ఉద్యమకారులు అక్కడ ఫ్రెంచి పాలనకు ముగింపు పలికారు. అదే ఏడాది అక్టోబరు 18న కీళూరులో ఫ్రెంచి ఇండియా ప్రతినిధులు 178 మంది ఓటు వేస్తే 170 మంది భారతదేశంలో విలీనానికే మొగ్గు చూపారు. చట్టప్రకారం బదిలీ పూర్తికావడానికి 1962 ఆగస్టు 16 దాకా పట్టింది. అంత ఆలస్యమైనా యానాం తగలబడలేదు. ఎందుకంటే అక్కడివాళ్ళకు కూడా చేరవలసిన ఇల్లు ముందే కట్టి ఉంది.

ఈజిప్టు, ట్యునీషియా, లిబియా వాళ్ళు ఇల్లు కట్టుకుంటూనే, ఏ గది ఎవరిదని కొట్టుకోవాల్సి వచ్చింది. ఈజిప్టులో సైన్యమే ఆటగాడు, సైన్యమే అంపైరు. లిబియాలో గడాఫీ నలభై ఏళ్ళకు పైగా పాలించినా ఒక పార్టీని గానీ, స్వతంత్ర సంఘాన్ని గానీ బతకనివ్వలేదు. ఆయన పోయాక మిగిలినవి తెగలు, ఊళ్ళు, తుపాకులు.

ముందే వేసిన విత్తనం

మూడో కారణం, పోరాటానికి ముందు ఉన్న సంఘాలు. నిజాం కాలంలో రాజకీయ సభ పెట్టడం కష్టమైతే మనవాళ్ళు గ్రంథాలయం పెట్టారు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలిసింది. 1906లో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి స్థాపించి, తర్వాత దళిత పిల్లలకు బడులు నడిపారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది. ఈ సంఘాల్లో జనం నేర్చుకున్నది చిన్న విద్య కాదు. సభకు అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడం, తీర్మానం పెట్టడం, ఒప్పుకోనివాడు మాట్లాడుతుంటే వినడం, చందా లెక్క చూపించడం. 1952లో ఓటు వచ్చేసరికి ఆ అలవాటు కొంతమందికైనా ఉంది.

అరబ్ దేశాల్లో ట్యునీషియా ఎక్కువ దూరం నడిచింది కూడా ఇందువల్లే. 2013లో అక్కడ ఇద్దరు ప్రతిపక్ష నాయకులను హత్యచేశారు. దేశం ఈజిప్టు దారి పట్టేలా ఉంది. అప్పుడు కార్మిక సంఘం, యజమానుల సంఘం, మానవహక్కుల సంఘం, న్యాయవాదుల సంఘం కలిసి పార్టీలను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాయి. అధికారంలో ఉన్న ఎన్నహ్దా పార్టీ మాట విని ప్రభుత్వం నుంచి తప్పుకుంది. 2014 జనవరిలో రాజ్యాంగం వచ్చింది. ఆ నాలుగు సంఘాలకు 2015లో నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. ఓడినవాడు బతికి బట్టకడితే ఏమవుతుందో ట్యునీషియా కొన్నేళ్ళు చూపించింది.

మరి అది కూడా ఎందుకు పోయింది?

అన్నం మాట

2021 జూలై 25న ట్యునీషియా అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును నిలిపేశారు. విచిత్రం ఏమిటంటే, ఆ రాత్రి చాలామంది వీధుల్లోకి వచ్చి సంతోషించారు. పదేళ్ళ కిందట బజారులో బండి మీద పళ్ళు అమ్ముకునే ముహమ్మద్ బూఅజీజీ నిప్పంటించుకుంటేనే ఆ విప్లవం పుట్టింది. ఆ పదేళ్ళలో ఓటు వచ్చింది, పని రాలేదు. ధరలు పెరిగాయి. పార్టీలు సభలో తిట్టుకుంటూ గడిపాయి. అధ్యక్షుడు గీత దాటితే ఆపడానికి రాజ్యాంగ న్యాయస్థానం ఉండాలని 2014 రాజ్యాంగంలో రాసుకున్నారు. జడ్జీల పేర్ల మీద పార్టీలు ఒప్పుకోక దాన్ని ఏర్పాటే చేయలేదు. తాళం కొనకుండా తలుపు మాత్రం పెట్టుకున్నట్టయింది. 2024 అక్టోబరు ఎన్నికల్లో సయీద్‌కు 90 శాతం ఓట్లు వచ్చాయన్నారు. ఓటు వేయడానికి వచ్చినవాళ్ళు మాత్రం నూటికి 30 మంది కూడా లేరు.

హైదరాబాద్‌లో ఈ అన్నం మాటను కనీసం మొదలుపెట్టారు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దుచేశారు. 1950లో కౌలుదారుల చట్టం తెచ్చారు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు. ఇవన్నీ ఎవరి దయవల్లా వచ్చినవి కావు. కింద పోరాటం లేకపోతే పైన చట్టం వచ్చేది కాదు. అయినా పని సగమే జరిగింది. చాలాచోట్ల చట్టం అమలయ్యేలోపే కౌలుదార్లను వెళ్ళగొట్టారు.

మన గెలుపులో మచ్చ

హైదరాబాద్ కథలో అంతా బాగానే జరిగిందని రాస్తే అది వార్షికోత్సవ ఉపన్యాసమవుతుంది, చరిత్ర కాదు. 1948 సెప్టెంబరు తర్వాత రజాకార్లతో ఏ సంబంధమూ లేని వేలమంది ముస్లింలను ఊళ్ళల్లో చంపారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ సంఖ్య 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటుందని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. పాత ఉద్యోగులను తీసేసి బయటి రాష్ట్రాలవాళ్ళను తెచ్చిపెట్టడంతో మరో గాయం మిగిలింది. 1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యమంలో హైదరాబాద్‌లో పోలీసు కాల్పులకు విద్యార్థులు చనిపోయారు. ఆ అసంతృప్తి 1969లో మళ్ళీ లేచింది, చివరికి 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రంగా తేలింది. తలుపు తీసినవాళ్ళు కూడా కొందరికి తియ్యలేదు. తియ్యనిచోటల్లా గొడవ తిరిగి వచ్చింది.

అందుకే "అరబ్బులకు ప్రజాస్వామ్యం పడదు, వాళ్ళ మతం అలాంటిది" అనేవాళ్ళ మాట నమ్మకండి. 1951లో మన దేశంలో చదువు వచ్చినవాళ్ళు నూటికి 18 మందే. ఇలాంటివాళ్ళకు ఓటెందుకని మనల్ని చూసి కూడా అన్నారు. ముఖ్యంగా మన తాతల్ని చూసి అన్నారు. ప్రపంచంలో ముస్లింలు అందరికంటే ఎక్కువమంది ఉన్న ఇండోనేషియా 1998లో సుహార్తో దిగిపోయాక ఎన్నికలు జరుపుకుంటూనే ఉంది. లోపం రక్తంలో ఉండదు, ఏర్పాటులో ఉంటుంది.

స్టోర్ రూమ్ తాళం

తమ్ముళ్ళకు ఇంకా సులువుగా చెప్పాలంటే నేను ఇంటర్ చదివిన వేరే ఊరి హాస్టలు సంగతి చెబుతాను. అక్కడ పప్పుచారులో పప్పు వెతుక్కోవాల్సి వచ్చేది. రెండురోజులు కంచాలు బోర్లించి సమ్మె చేశాం. పెద్దాఫీసరు వచ్చారు, వార్డెనుకు బదిలీ అయింది. మా సమ్మె నడిపిన సీనియరన్న "కొత్తాయన వచ్చేదాకా" అని స్టోర్ రూమ్ తాళం తన దగ్గర పెట్టుకున్నాడు. మంచివాడే. కానీ నెల తిరిగేసరికి ఆయన గదివాళ్ళకే ముందు గుడ్లు అందేవి. ప్రశ్నించినవాణ్ణి "పాత వార్డెను మనిషి" అనేవాళ్ళు. సంక్రాంతి సెలవులకు వెళ్ళేటప్పటికి, పాత వార్డెనే నయమని మాలో కొందరు గొణుక్కుంటున్నారు.

కొత్తగా వచ్చిన వార్డెను గారు ఎవరినీ తిట్టలేదు. స్టోరుకు రెండు తాళాలు వేయించి, రెండు వేరువేరు తరగతుల వాళ్ళకు ఇచ్చారు. రోజూ ఎంత బియ్యం, ఎంత పప్పు తీశారో నల్లబల్ల మీద రాయించారు. మెస్ కమిటీ నెలకోసారి మారేది. ఆ సీనియరన్నను మేం వెలివెయ్యలేదు. మూడో నెల కమిటీలో ఆయన మళ్ళీ ఉన్నాడు, ఈసారి లెక్క సరిగ్గా రాశాడు. ఈజిప్టుకు కావలసింది, లిబియాకు కావలసింది, ట్యునీషియా పారేసుకున్నది ఇవే: రెండు తాళాలు, అందరికీ కనబడే లెక్క, మారే కమిటీ, ఓడినవాడికి మళ్ళీ చోటు.

మనదగ్గర మూసెయ్యొచ్చా?

ఇప్పుడు మన తమ్ముడి ప్రశ్న. మనదగ్గర కూడా ఒకసారి దాదాపు మూసేశారు. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టారు. నాయకులు జైలుకు వెళ్ళారు, పత్రికల నోరు కట్టేశారు. ఇరవై ఒక్క నెలల తర్వాత, 1977 ఎన్నికల్లో ఇందిరా గాంధీ ఓడిపోయారు. ఓడి, కుర్చీ దిగి ఇంటికి వెళ్ళారు. 1980లో మళ్ళీ గెలిచి వచ్చారు. ఆ మూడేళ్ళలో ఆమెను ఎవరూ ఉరి తీయలేదు, ఆమె కోసం సైన్యమూ కదల్లేదు. మన ప్రజాస్వామ్యం బతికి ఉందని చెప్పడానికి ఇంతకంటే రుజువు నాకు దొరకలేదు. అయితే అది ఎప్పటికీ ఉంటుందన్న హామీ ఎక్కడా లేదు.

రాజ్యాంగం పూర్తయిన రోజుల్లో, 1949 నవంబరు 25న, అంబేద్కర్ గారు హెచ్చరించింది కూడా ఇదే. రాజ్యాంగమార్గం తెరిచి ఉన్నప్పుడు వీధిపోరాటాల మార్గాన్ని వదిలెయ్యాలన్నారు. అదే ప్రసంగంలో, ఓటులో సమానత్వం ఇచ్చి బతుకులో ఇవ్వకపోతే ఆ అన్యాయం భరించేవాళ్ళే ఈ కట్టడాన్ని కూల్చేస్తారని కూడా అన్నారు. కొందరు మొదటి మాటే చెబుతారు, కొందరు రెండో మాటే చెబుతారు. రెండూ కలిపి చదవాలి.

2022 మే 24న అమలాపురంలో మనం చూసింది గుర్తుందా? జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడం మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి ప్రభుత్వం 30 రోజుల గడువు ఇచ్చింది. ఆ గడువు తీరకముందే ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. కాగితం రాసి ఇచ్చే దారి ఉండగా నిప్పు పట్టుకున్న చెయ్యి, ఏ కులందైనా, ఏ దేశందైనా, ఒక్కలాంటిదే.

తమ్ముడూ, మీ అమ్మకు ఫోన్ చేసినప్పుడు చెప్పు. అసెంబ్లీని మూసెయ్యడానికి ఒక్క సంతకం చాలు. తెరిచి ఉంచడానికి మాత్రం చాలామంది కావాలి. లెక్క అడిగేవాళ్ళు, ఓడినా వచ్చే ఎన్నికల దాకా ఆగేవాళ్ళు, గెలిచినా ఎదుటివాణ్ణి బతకనిచ్చేవాళ్ళు. వచ్చే నెల మన మెస్ కమిటీ ఎన్నిక ఉందట. నువ్వు నిలబడు. ఓడిపోతే గెలిచినవాడికి చెయ్యి కలిపి, మర్నాడు నల్లబల్ల దగ్గరికి వెళ్ళి పప్పు లెక్క చూడు.

— మీ పాత హాస్టలు అన్న